బతికి బట్ట కట్టడమే విమోచన

(క్రిస్మస్‌కు ముందు మాలపల్లి, మాదిగ గూడెం కలిసి పెట్టుకున్న సభలో కార్యకర్తల తరపున చేసిన ప్రసంగ పాఠం)

  

మన తెలుగులో ఒక మాట ఉంది. పెద్ద జబ్బు చేసో, వరదలో చిక్కుకునో చావు దాకా పోయి వచ్చిన మనిషిని చూసి ‘హమ్మయ్య, బతికి బట్ట కట్టాడు’ అంటాం. ప్రాణం నిలిస్తే చాలు అనలేదు మన పెద్దలు. బట్ట కూడా కట్టాలన్నారు. ఒంట్లో ప్రాణం ఉండీ ఒంటి మీద బట్ట లేకపోతే అది మనిషి బతుకు కాదని ఆ మాటకు అర్థం. ఈ పూట మేము చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

క్రిస్మస్ వస్తోంది. మందిరానికి సున్నం వేస్తాం, స్టారు కడతాం, పిల్లలకి కొత్త బట్టలు కుట్టిస్తాం. పాస్టరుగారు రక్షణ వస్త్రం గురించి వాక్యం చెబుతారు. పరలోకంలో మనకి తెల్లని బట్టలు ఇస్తారని చెబుతారు. మనం ఆమెన్ అంటాం. తప్పు లేదు. కానీ మేము అడిగేది ఒకటుంది. దేవుడిచ్చే ఆ బట్ట చచ్చాక కట్టుకునేదేనా? బతికుండగా కట్టుకునేది కాదా? ఆత్మకే గాని ఒంటికి కాదా? బైబిలు ఏం చెబుతోందో, మన తాతముత్తాతల బతుకు ఏం చెబుతోందో, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

బట్ట మీద పెత్తనం

అంటరానితనం అనగానే బావి, గుడి, రెండు గ్లాసులు గుర్తుకొస్తాయి. అవి నిజమే. కానీ మన ఒంటి మీది గుడ్డ మీద కూడా ఊరు పెత్తనం చేసింది. దొర ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకోవాలి. తలగుడ్డ తీసి చంకన పెట్టుకోవాలి. ఊరి వీధిలో అడుగుపెట్టే ముందు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. పంచె మోకాలు దిగకూడదు. ఇస్త్రీ చొక్కా తొడిగితే ‘ఏంట్రా, దొరబాబులా తయారయ్యావు’ అని వెటకారం. ఇవన్నీ మీకు మేము చెప్పాలా? మీ ఇంట్లో ముసలాళ్ళని అడిగితే ఊరి పేరుతో సహా చెబుతారు.

మరి ఆ గుడ్డ నేసింది ఎవరు? మగ్గం గుంటలో కూచుని ముతక గుడ్డ నేసిన వాళ్ళలో మన మాలలు ఉన్నారు. ఆ చెప్పు కుట్టింది ఎవరు? మన మాదిగలు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో వేసి, లందలో తంగేడు చెక్కతో నానబెట్టి, ఆ కంపంతా తాము భరించి ఊరికి చెప్పులు కుట్టారు, మోటకు తోలు బొక్కెనలు కుట్టారు. నేసినవాడికి ఒంటి నిండా గుడ్డ లేదు. కుట్టినవాడి కాలికి చెప్పు లేదు. ఊరందరి బట్టలు ఉతికే చాకలిని మన బట్టలు మాత్రం ఉతకనివ్వలేదు ఊరు. చేతిపని మనది, దాని మీది గౌరవం వాళ్ళది. దోపిడీ అంటే ఏంటని ఎవరైనా అడిగితే ఇంతకంటే తేలిగ్గా ఎలా చెబుతాం?

తోలుపని చేసిన దేవుడు

ఇప్పుడు బైబిలు తెరుద్దాం. ఆదికాండం మూడో అధ్యాయం. ఆదాము, అవ్వ తప్పు చేశారు. సిగ్గు తెలిసింది. అంజూరపు ఆకులు కుట్టుకుని కట్టుకున్నారు. ఆకు ఎన్నాళ్ళుంటుంది? ఎండితే రాలిపోద్ది. దేవుడు వాళ్ళకి శిక్ష వేశాడు, తోటలోంచి పంపేశాడు. కానీ పంపేముందు ఏం చేశాడు? తోలుతో చొక్కాలు చేసి వాళ్ళకి తొడిగాడు. శిక్ష వేసినవాడే ఉత్త ఒంటితో బయటికి గెంటలేదు. తప్పు చేసినవాడికైనా ఒంటి మీద బట్ట ఉండాలన్నది దేవుడి న్యాయం. మన ఊళ్ళలో న్యాయం ఎలా ఉంది? తప్పు చెయ్యనివాడిని కూడా చెట్టుకు కట్టి బట్టలు ఊడదీసేది ఊరి న్యాయం.

మాదిగ అన్నలు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. తోలు చొక్కా రావాలంటే ఏం జరగాలి? జంతువు చావాలి. తోలు ఒలవాలి. పదును పెట్టాలి. కుట్టాలి. పెద్ద చదువులు చదివిన బోధకులు ఆ తోలులో ముందు ముందు రాబోయే బలిని చూశారు. మన కోసం ప్రాణం పెట్టిన గొర్రెపిల్లకి అది గుర్తన్నారు. మేము కాదనం. కానీ గూడెం కళ్ళతో చూస్తే ఇంకొకటి కూడా కనబడుతుంది. తప్పిపోయిన మనిషికి దేవుడు చేసిన మొదటి మేలు తోలుపనితోనే చేశాడు. ఏ పనిని ఊరు అంటరానిది అన్నదో ఆ పని దేవుడి పేరు మీద రాసి ఉంది.

అపొస్తలుల కార్యాలు తొమ్మిది, పది అధ్యాయాలు చూడండి. యొప్పే అనే ఊళ్ళో సముద్రం పక్కన సీమోను అనే మనిషి ఇల్లుంది. అతను తోళ్ళు పదును పెట్టేవాడు. చచ్చిన జంతువుల తోలుతో పని గనక యూదులు ఆ పనిని మైలగా చూసేవారు. పేతురు చాలా రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాడు. అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. ఆ ఇంటి మిద్దె మీదే ఆయనకి దర్శనం వచ్చింది. నాలుగు చెంగులు పట్టి దించిన పెద్ద దుప్పటి, దాని నిండా మైల అనుకునే జంతువులు. ఏ మనిషినీ మైల అనకూడదన్న పాఠం ఆయన అక్కడ నేర్చుకున్నాడు. ఆ పాఠం గుడిలో దొరకలేదు, తోలు పనివాడి మిద్దె మీద దొరికింది.

అదే యొప్పేలో దొర్కా అనే ఆమె ఉండేది. విధవరాళ్ళకి బట్టలు కుట్టి పెట్టేది. ఆమె చనిపోతే ఆ విధవరాళ్ళంతా ఆమె కుట్టిన బట్టలు పట్టుకొచ్చి పేతురికి చూపించి ఏడ్చారు. ఆమె మంచితనానికి సాక్ష్యం వాళ్ళ ఒంటి మీదే ఉంది. పేతురు ప్రార్థన చేస్తే ఆమె లేచి కూచుంది. ఆమె సంగతిలో ‘బతికి బట్ట కట్టడం’ అన్న మాట తిరగబడింది. పదిమందికి బట్ట కట్టిన ఆమె బతికింది.

విమోచన సంత మాట

విమోచన అనే మాట మనం పాటల్లో పాడతాం. ఆ మాట ఎక్కడ పుట్టింది? లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయం చూడండి. అప్పుల పాలై తనను తాను అమ్ముకున్న మనిషిని అన్నదమ్ముడో దగ్గరి చుట్టమో సొమ్ము కట్టి విడిపించుకోవడం విమోచన. అంటే అది అప్పు మాట, బానిసతనం మాట, సంత మాట. మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. వెట్టి నుంచి విడుదల అంటే మన జీతగాళ్ళకి వెంటనే తెలుస్తుంది. పరలోకం మాట తర్వాత, ముందు మెడ మీది కాడి దిగాలి.

అదే ధర్మశాస్త్రంలో బట్ట గురించి ఒక ఆజ్ఞ ఉంది. నిర్గమకాండం ఇరవై రెండో అధ్యాయంలోనూ, ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయంలోనూ రాశారు. పేదవాడి పై బట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చెయ్యాలి. వాడికి రాత్రి కప్పుకోడానికి ఉన్నది అదొక్కటే. వాడు చలికి వణుకుతూ మొరపెడితే నేను వింటానంటాడు దేవుడు. చూశారా? దేవుడి చెవి ఎక్కడుందో! వడ్డీ వ్యాపారి పద్దు పుస్తకం దగ్గర లేదు. దుప్పటి లేక వణికేవాడి దగ్గర ఉంది.

తప్పిపోయిన కొడుకు కథ మనందరికీ తెలుసు. వాడు ఇంటికొస్తూ దారిలో ఒక మాట కూడబలుక్కున్నాడు. నన్ను కొడుకుగా వద్దు, కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో అని అడుగుదామనుకున్నాడు. తండ్రి ఆ మాట పూర్తి కానివ్వలేదు. మంచి బట్ట తెచ్చి కట్టండి, వేలికి ఉంగరం పెట్టండి, కాళ్ళకి చెప్పులు తొడగండి అన్నాడు. చెప్పులు ఎందుకు? ఆ కాలంలో బానిసకి చెప్పులుండవు, కొడుక్కి ఉంటాయి. పట్నంలో ఈ కథ విన్నవాళ్ళు చెప్పుల్ని దాటేసి పోతారు. మనం దాటెయ్యలేం. ఊరి వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచిన మన తాతల కాళ్ళకి ఆ చెప్పుల విలువ తెలుసు. రక్షణ అంటే జీతగాడిని కొడుకుగా నిలబెట్టడం. తువ్వాలు తిరిగి భుజం మీదికి రావడం.

ఇంకో మాట. మన బాగు కోరే పెద్దమనుషులు కొందరున్నారు. ముందు మీరు శుభ్రంగా ఉండండి, మంచి బట్ట కట్టండి, అప్పుడు మిమ్మల్ని రానిస్తాం అంటారు. జెకర్యా మూడో అధ్యాయం ఈ మాటకి జవాబు. యెహోషువ అనే యాజకుడు మాసిన బట్టలతో నిలబడ్డాడు. పక్కనే సాతాను నిలబడి వాడి మీద నేరాలు మోపుతున్నాడు. దేవుడు పోయి ఉతుక్కుని రమ్మనలేదు. ఆ మాసిన బట్టలు తీసేసి వాడికి మంచి బట్టలు కట్టమన్నాడు. గద్దించింది నేరం మోపేవాడిని. మనిషిని మురికిలోకి తోసి, మురికిగా ఉన్నావని వేలు చూపేది సాతాను పని అన్నమాట.

బట్టలూడదీసిన ప్రభువు

యేసు పుట్టినప్పుడు పొత్తిగుడ్డల్లో చుట్టారు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో మైలదానివన్న ముద్ర మోసిన ఆడమనిషి ఆయన బట్ట చెంగు ముట్టుకుంది. ఆయన మైలపడలేదు, ఆమె బాగుపడింది. ముట్టుకుంటే మైల ఇటు నుంచి అటు పోతుందని ఊరు చెబుతుంది. ఆయన బట్ట చెంగు దగ్గర ఆ లెక్క తిరగబడింది.

పస్కా రాత్రి ఆయన పై బట్ట తీసి పక్కన పెట్టి తువ్వాలు నడుముకి కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు. పై బట్ట తీసి నడుముకి తువ్వాలు కట్టడం మన ఊళ్ళో ఎవరి పని? మన పని. కానీ తేడా గమనించండి. ఆయన్ని ఎవరూ తియ్యమనలేదు. తానై తీశాడు. కాళ్ళు కడిగాక తన బట్ట తానే మళ్ళీ కట్టుకుని కూచున్నాడు. ప్రేమతో చేసే సేవ వేరు, భయంతో చేసే చాకిరీ వేరు. క్రీస్తు దీనత్వం చూపించి ‘మీరు అణిగి ఉండండి’ అని మనకి బోధించేవాళ్ళు ఈ తేడాను దాచిపెడుతున్నారు. ఆ బోధ చెయ్యాల్సింది ఊరికి. తువ్వాలు తీసి కాళ్ళు కడగాల్సింది పీట మీద కూచున్నవాళ్ళు.

మర్నాడు ఏం చేశారు? సైనికులు ఆయన బట్టలు ఊడదీశారు. ఎర్రబట్ట కప్పి, ముళ్ళ కిరీటం పెట్టి, రాజా అని వెక్కిరించారు. మళ్ళీ అది లాగేశారు. సిలువ దగ్గర ఆయన బట్టల్ని నాలుగు వాటాలు చేసుకున్నారు. కుట్టు లేకుండా నేసిన అంగీని చింపడం ఇష్టంలేక దాని కోసం చీట్లు వేసుకున్నారు. మనిషి ప్రాణం పోతుంటే కింద గుడ్డ కోసం పందెం! పటాల్లో మనం చూసే సిలువ మీద నడుముకి గుడ్డ ఉంటుంది. రోమా వాళ్ళు అంత దయ చూపేవాళ్ళు కాదు. సిగ్గు తియ్యడమే ఆ శిక్ష.

అక్కలారా, ఈ దేశంలో బట్టలూడదీసి ఊరేగించిన ఆడబిడ్డలు ఎవరు? మన బిడ్డలే. అందుకే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్‌లో, దళితుల ఒంటి మీది బట్టలు బలవంతంగా తియ్యడం, నగ్నంగా ఊరేగించడం నేరమని రాయాల్సి వచ్చింది. 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఆ సవరణలో ఇంకో మాట చేర్చారు. దళితుడు బహిరంగంగా చెప్పులు తొడుక్కున్నా, కొత్త బట్టలు కట్టుకున్నా అడ్డుపడడం నేరం. స్వాతంత్య్రం వచ్చి 68 ఏళ్ళు నిండాక ఈ దేశ పార్లమెంటు ‘కొత్త బట్టలు’ అనే మాటను చట్టంలోకి ఎక్కించింది. అవసరం లేకుండా ఎక్కించిందా? బట్టల గొడవ పాతకాలం ముచ్చట అనేవాళ్ళకి ఆ సెక్షన్ చదివి వినిపించండి.

బట్ట కోసం జరిగిన పోరాటాలు

ఇది వాక్యంలోనే ఉన్న మాట కాదు, చరిత్రలో జరిగిన మాట. ఇప్పటి కన్యాకుమారి జిల్లా ప్రాంతం అప్పట్లో తిరువాన్కూరు రాజ్యంలో ఉండేది. అక్కడ నాడార్ ఆడవాళ్ళు పెద్దకులాల ముందు ఛాతీ మీద గుడ్డ వేసుకోకూడదు. సువార్త విన్న నాడార్ స్త్రీలు రవిక తొడిగారు, పై గుడ్డ వేశారు. క్రైస్తవులైన స్త్రీలు రవిక తొడగవచ్చని 1810ల్లో మన్రో దొర కాలంలో ఉత్తర్వులు వచ్చాయి. కానీ పెద్దకులాల వాళ్ళు ఊరుకోలేదు. 1820ల్లో సంతల్లో, దారుల్లో మన అక్కల పై గుడ్డలు లాగి చింపారు. 1829లో రాజు రవిక సరేగాని పై గుడ్డ వెయ్యకూడదని శాసనం వేశాడు. మళ్ళీ 1858, 1859ల్లో దాడులు, ఇళ్ళు తగలబెట్టడాలు. చివరికి 1859 జులై 26న నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకోవచ్చని రాజు ప్రకటన చేశాడు. అప్పుడు కూడా పెద్దకులాల ఆడవాళ్ళలా కప్పుకోకూడదనే మెలిక పెట్టాడు. గుడ్డ ముక్క కోసం దాదాపు యాభై ఏళ్ళ పోరాటం! ఆ తల్లులకి రక్షణ వస్త్రం అంటే ఏంటో ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. బాప్తిస్మంలో క్రీస్తును ధరించుకున్నాం, ఇక మా ఒంటి మీది గుడ్డ తీసే హక్కు ఏ నాయరుకూ లేదన్నట్టు నిలబడ్డారు.

ఇది క్రైస్తవుల పోరాటం ఒక్కటే కాదు. 1915లో కొల్లం ప్రాంతంలో అయ్యంకాళి నాయకత్వంలో పులయ స్త్రీలు తమ కులానికి గుర్తుగా మెడలో వేసిన రాళ్ళ పూసల దండలు తీసి పారేశారు. 1927 డిసెంబరులో మహద్ సభలో బాబాసాహెబ్ ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాడు. కులాన్ని పట్టిచ్చే చీరకట్టు, ఆ మోటు నగలు వదిలెయ్యమన్నాడు. వాళ్ళు వెంటనే చీరకట్టు మార్చారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న రోజు లక్షల మంది తెల్లబట్టల్లో వచ్చారు.

గాంధీగారు 1921లో మధురలో చొక్కా తీసేసి కొల్లాయి గుడ్డ కట్టారు. అంబేద్కర్ సూటు, బూటు వేశాడు. దీని మీద మనల్ని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. బీరువా నిండా బట్టలున్నవాడు బట్ట వదిలేస్తే అది త్యాగం. తరతరాలుగా బట్టలూడదీయబడినవాడు బట్ట కడితే అది విమోచన. గూడెం మొగదల నీలం కోటు తొడిగి, కాలికి బూటు వేసి, చేత పుస్తకం పట్టి నిలబడ్డ ఆ విగ్రహాన్ని మన ముసలమ్మలు ఊరికే దణ్ణం పెట్టి పోవడం లేదు. మనకి కట్టిన బట్టను అక్కడ చూసుకుంటున్నారు.

బియ్యానికీ బట్టకీ మారారా?

మన తాతలు బియ్యం కోసం, బట్టల కోసం మతం మారారని ఇప్పటికీ అంటారు. ఒంగోలు సంగతి వినండి. తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మిషనరీ ఊరు చేరకముందే సువార్తను ఊరూరా మోసింది ఆయనా, ఆయనలాంటి మాదిగలూ. 1876 నుంచి 1878 దాకా భయంకరమైన కరువు వచ్చింది. క్లో దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచిన ఆ కాలంలో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా జనం వదల్లేదు. 1878 జులై 3న ఒక్క రోజులో గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది చివరికి తొమ్మిది వేలు దాటారు. ఇది తిండికి అమ్ముడుపోయిన జనం కథ కాదు. మనిషిగా లెక్కలోకి రావాలని ఏట్లో దిగిన జనం కథ.

పోనీ, బట్టలిచ్చారనే అనుకుందాం. అందులో సిగ్గేముంది? మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో తీర్పు రోజున ప్రభువు అడిగే ప్రశ్నలో అదొకటి. నేను దిగంబరిగా ఉన్నప్పుడు బట్ట ఇచ్చారా అని అడుగుతాడు. సిగ్గు పడాల్సింది బట్ట అడిగినవాడు కాదు. వందల ఏళ్ళు బట్ట ఇవ్వనివాడు, ఉన్న బట్ట లాగేసినవాడు.

తెల్లబట్ట అడిగే న్యాయం

1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళు 8 మందిని నరికి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మన బిడ్డలకి ఈ సమాజం ఇచ్చిన ఆఖరి బట్ట గోనె సంచి. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని కొట్లాడితే 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయం తీసి చదవండి. బలిపీఠం కింద చంపబడినవాళ్ళ ఆత్మలు ఉన్నాయి. వాళ్ళు పాటలు పాడడం లేదు. ఇంకెన్నాళ్ళు, మా రక్తానికి న్యాయం ఎప్పుడు అని గొంతెత్తి అడుగుతున్నారు. తెల్లబట్ట వాళ్ళకి ఇచ్చారు. నోరు మూసుకుని ఓర్చుకున్నందుకు ఇచ్చిన బహుమతి కాదది. న్యాయం అడిగినవాళ్ళకి దేవుడు మీరు అడిగేది న్యాయమే అని చెప్పి కట్టిన బట్ట. అందుకే తెల్లబట్ట పేరు చెప్పి మనల్ని కోర్టుకెళ్ళొద్దు, ధర్నాకెళ్ళొద్దు అనే బోధను మేము ఒప్పుకోం. ఆ బట్ట కట్టుకున్నవాళ్ళే ముందు అడిగారు.

లోపలి బనియను

ఇంతదాకా ఊరిని అన్నాం. ఇప్పుడు మనల్ని మనం అనుకుందాం. పౌలు గలతీయులకి రాసిన పత్రిక మూడో అధ్యాయంలో బాప్తిస్మం పొందినవాళ్ళంతా క్రీస్తును బట్టలా తొడుక్కున్నారని చెప్పాడు. ఆ వెంటనే, మధ్యలో ఊపిరి తియ్యకుండా, యూదుడు గ్రీకువాడు అని, దాసుడు స్వతంత్రుడు అని, మగ ఆడ అని తేడా లేదన్నాడు. రెండు మాటలూ ఒక్కటే. క్రీస్తును తొడిగితే తేడా పోవాలి. తేడా పోలేదంటే తొడగలేదు.

మరి మన సంగతేంటి? పైన క్రీస్తు తెల్లచొక్కా, లోపల కులం బనియను. ఆంధ్రలో రెడ్డి, కమ్మ కేథలిక్కులున్న చోట్ల దళితుల్ని పక్కన కూచోబెట్టిన గుళ్ళున్నాయి. వాళ్ళ సంగతి సరే. మాల సంఘం, మాదిగ సంఘం అని రెండు మందిరాలు ఎందుకున్నాయి? పిల్లనిచ్చే దగ్గరికి వచ్చేసరికి క్రీస్తు రక్తం ఎందుకు పలచబడుతోంది? వర్గీకరణ మీద మనలో మనకి వేరు వేరు మాటలుండొచ్చు, అవి కూచుని మాట్లాడుకుందాం. ప్రభువు బల్ల దగ్గర మాత్రం రెండు మాటలుండకూడదు. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో మెరిసే బట్టలవాడికి మంచి చోటు చూపించి మాసిన బట్టలవాడిని నిలబడమనే సంఘాన్ని తిట్టాడు. పండగ రోజు మన మందిరంలో ముందు వరస ఎవరిదో చూసుకోండి. ఎమ్మెల్యే వస్తే కుర్చీ, కొత్త చీర లేని అక్క వస్తే గుమ్మం.

రాజ్యం కూడా మన బట్ట మీద పెత్తనం చేస్తోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ అడ్డు తీశారు. మనకి తియ్యలేదు. 2022లో కేంద్రం ఒక కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మనకి హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. బాప్తిస్మపు తెల్లబట్ట కట్టగానే కులం పోయిందని కాగితం అంటుంది. ఊరు అలా అనుకుంటుందా? మన పేరు ఏసోబు అయినా, ఎల్లయ్య అయినా చెట్టుకు కట్టేసేది ఒకే తాడుతో కదా!

లాజరు సమాధిలోంచి లేచి వచ్చాడు గాని కాళ్ళూ చేతులూ శవం గుడ్డలతో కట్టే ఉన్నాయి. ప్రాణం ప్రభువు ఇచ్చాడు. కట్లు విప్పమని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పాడు. అది సంఘం పని. దేవుడు చెయ్యాల్సింది చేశాడు. విప్పాల్సిన కట్లు మన చేతుల్లో ఉన్నాయి.

ఈ క్రిస్మస్‌కి

అందుకని మేము కొన్ని మాటలు మీ ముందు పెడుతున్నాం.

పండగ బట్టల కోసం అయిదు రూపాయల వడ్డీకి అప్పు తేవద్దు. విడిపించిన దేవుడి పండక్కి మళ్ళీ అప్పుల కాడికి మెడ ఇవ్వొద్దు. ఉన్న బట్ట ఉతికి కట్టుకుని వస్తే చాలు. దాన్ని చూసి నవ్వేవాడే సిగ్గుపడేలా సంఘం ఉండాలి.

మాలపల్లి, మాదిగ గూడెం కలిసి గుడ్డల తాను ఒకటి కొనండి. మిషను తొక్కే మన అక్కలే కుట్టాలి, కూలి వాళ్ళకి ఇవ్వాలి. రెండు పేటల్లో విధవరాళ్ళకి, దిక్కులేని పిల్లలకి ముందు తొడగాలి. దొర్కా పని అంటే ఇదే.

క్రిస్మస్ ఆరాధన ఒక్క చోటే జరగాలి. ఒకే బల్ల, ఒకే గిన్నె. ఊరేగింపు ఊరి నడివీధిలోంచి పోవాలి. తువ్వాళ్ళు భుజాల మీద ఉండాలి, చెప్పులు కాళ్ళకి ఉండాలి.

మందిరంలో సెక్షన్ మూడు చదివి వినిపించండి. చొక్కా చూసి, చెప్పులు చూసి ఎవడైనా అడ్డుపడితే అది నేరమని చిన్న పిల్లలకి కూడా తెలియాలి. కేసు పెట్టాలంటే రెండు పేటలూ కలిసే స్టేషనుకి వెళ్ళాలి.

అన్నలారా, అక్కలారా! తోటలో దేవుడు తొడిగిన చొక్కాను ఊరు లాగేసింది. సిలువ దగ్గర ఆయన్నీ మనలాగే నిలబెట్టారు. మూడో రోజు ఆయన సమాధి గుడ్డలు అక్కడే పడేసి బయటికి వచ్చాడు. మనం కూడా శవం గుడ్డలు వదిలెయ్యాలి. భయం ఒక శవం గుడ్డ. మాల మాదిగ తేడా ఒక శవం గుడ్డ. ‘మా రాత ఇంతే’ అన్న మాట ఇంకొకటి. అవి విప్పి పారేసి, ఒకరి కట్లు ఒకరం విప్పుకుని, ఒకరికొకరం బట్ట కట్టి బయటికి రావాలి.

బతుకుదాం. బట్ట కడదాం. ఒక్కరం కాదు, అందరం.

జై భీమ్!